కాలవగట్టు ఇల్లు

మొన్న డిసెంబరులో ఇల్లు సర్దుతుంటే నా పాత బైబిలు చేతికొచ్చింది. వెన్ను ఊడిపోతే ఎప్పుడో కాలికో గుడ్డ అతికించాను. ఆ గుడ్డ కూడా ఇప్పుడు పీచులు పీచులుగా లేచిపోతోంది. ఒళ్లో పెట్టుకోగానే దానంతటదే జెకర్యా గ్రంథం దగ్గర తెరుచుకుంది. అన్నేళ్లుగా అక్కడొక పెళ్లికార్డు ఉంది మరి. 1989 మే నెల కార్డు. ఎర్ర ఇంకు కాస్త గోధుమరంగులోకి తిరిగింది గానీ అక్షరం చెరగలేదు.

ఆ కార్డు సంగతి నేనెవరికీ చెప్పలేదు. ఇప్పుడు చెప్పాలనిపించడానికి మా సంఘంలో ఒక పిల్ల కారణం. ఆదివారం ఆరాధన అయ్యాక అందరూ వెళ్లిపోయారు, ఆ పిల్ల బెంచీ మీదే కూర్చుండిపోయింది. దగ్గరికెళితే, "బయటివాళ్లు ఎన్నన్నా పడతాను ఆంటీ, ఇంట్లోవాళ్లే అలా చేస్తే ఎవరికి చెప్పుకోను" అని ఏడ్చింది. నాకు నోట మాట రాలేదు. చెయ్యి పట్టుకుని పక్కన కూర్చున్నాను, అంతే. ఇంటికొచ్చాక అనిపించింది, ఆ పిల్లకి చెప్పాల్సింది నా దగ్గర ఉందని. అది వచనం ఒక్కటే చెబితే సరిపోయేది కాదు, మొత్తం చెప్పాలి.

మాది ఒంగోలు దగ్గర పల్లె. 1980లో పెళ్లయింది, 82లో ఆయన ఇంకో మనిషితో వెళ్లిపోయాడు. దాని గురించి ఇంతకంటే రాయను. ఆ దెబ్బ తగిలింది, మానింది. నాన్న అప్పటికే లేడు. అమ్మ, చెల్లెలు, తమ్ముడు. తమ్ముడు ఇంటర్‌లో ఉన్నాడు. మా పాస్టరమ్మగారికి తెలిసినవాళ్లు మద్రాసులో ఉంటే వాళ్లను పట్టుకుని 1983లో రైలెక్కాను. అప్పటికింకా మద్రాసే. చెన్నై అన్న పేరు 1996లో వచ్చింది. మా ఈడువాళ్ల నోట ఇప్పటికీ మద్రాసే వస్తుంది.

మైలాపూరులో బకింగ్‌హాం కాలవ గట్టున ఒక పెంకుటింట్లో వెనక గది దొరికింది. ఇంటావిడ తెలుగావిడే. ఆమె భర్త హార్బరులో పనిచేసి పోయాడు. ఆమె ఒక బడిలో ఆయాగా చేసి మానేసింది. అందరూ మామ్మగారనేవారు, నేనూ అలాగే పిలిచాను. గది కిటికీ తెరిస్తే కాలవ. అప్పటికే ఆ నీళ్లు నల్లగా, చిక్కగా ఉండేవి. ఎండాకాలం మధ్యాహ్నాలు ఆ వాసనకి అన్నం సయించేది కాదు. కానీ ఆ కాలవని చూస్తే మొదటిరోజు నుంచీ నాకు ఊరు కాని ఊళ్లో ఉన్నట్టు అనిపించలేదు. దానికి కారణముంది.

మా అవ్వ చెప్పేది. ధాత కరువులో, అంటే 1876 నుంచి 78 దాకా, మా వైపు జనం ఆకులు అలములు తిన్నారట. అప్పుడు ఒంగోలులో ఉన్న అమెరికా మిషనరీ క్లౌ దొరగారు ఈ కాలవ తవ్వకంలో మూడున్నర మైళ్ల పని కాంట్రాక్టు తీసుకుని, ఆకలితో చచ్చేవాళ్లకి మట్టిపని ఇప్పించాడు. అవ్వ వాళ్లమ్మమ్మ ఆ కాలవలో తట్ట మోసిందట. కరువు తీరేదాకా ఎవరికీ బాప్తిస్మం ఇవ్వనన్నాడట దొరగారు, కూటికోసం మతంలోకి వచ్చారన్న మాట రాకూడదని. కరువయ్యాక 1878 జూలై 3న వెలుంపిల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మందికి బాప్తిస్మమిచ్చారు. మా ఇంట్లో క్రీస్తు నామం అప్పట్నుంచీ ఉంది. ఆ కాలవే పెదగంజాం నుంచి మద్రాసు మీదుగా మరక్కాణం దాకా పోతుంది. ఉత్తరం చివర మా వాళ్లు మోసిన మట్టి, దక్షిణాన నా కిటికీ. రాత్రుళ్లు నిద్ర రానప్పుడు ఆ నీళ్లకేసి చూస్తూ, 'ఇట్నుంచి ఇలా గట్టు పట్టుకుని నడిస్తే మనూరు వెళ్లిపోవచ్చు' అనుకునేదాన్ని.

రాయపేటలో ఒక సందులో ప్రెస్సు. అందులో కంపోజిటర్‌గా కుదిరాను. ఇప్పటి పిల్లలకి ఆ పని చెప్పినా అర్థం కాదు. ఎడమచేతిలో స్టిక్కు, అంటే అక్షరాలు పేర్చే చిన్న చట్రం పట్టుకుని, కుడిచేత్తో కేసులోంచి, అంటే గడులున్న పెట్టెలోంచి ఒక్కొక్క సీసపు అక్షరం తీసి వరసగా పేర్చాలి. అక్షరాలు తలకిందులుగా కనబడతాయి, అలాగే చదవడం రావాలి. ఇంగ్లీషుకి రెండు కేసులుంటే పని జరిగిపోతుంది. మన తెలుగుకి గుణింతాలూ వత్తులూ కలిసి చుట్టూ కేసులే, మధ్యలో మనం. 'క్ష' ఎక్కడుందో, 'ర' వత్తు ఏ గడిలో ఉందో చూడకుండా చెయ్యి వెళ్లిపోవాలి. నాకు ఆర్నెల్లు పట్టింది. తర్వాత చెయ్యే చదివేది.

ఫోర్‌మన్ చిత్తూరు జిల్లా ఆయన. పెద్దాయన, బాబాయిగారూ అనేదాన్ని. అచ్చుకి రాసిచ్చిన కాగితాన్ని కాపీ అంటారు. ఆయన మొదటిరోజే ఒక మాట చెప్పాడు: "కాపీలో ఏముంటే అదే పేర్చాలమ్మా. తప్పున్నా సరే, ఒప్పున్నా సరే, మన సొంతానికి ఒక్క అక్షరం కలపకూడదు." ఆ మాట నేనెప్పుడూ తప్పలేదు.

జీతంలో సగం పైన ఒకటో తారీఖు తర్వాత మనియార్డరు చేసేదాన్ని. మైలాపూరు పోస్టాఫీసులో ఆ ఫారం మీద తమ్ముడి పేరు రాసి, కింద రెండు ముక్కలు రాసుకునే చోటు ఉండేది, అక్కడ 'బాగా చదువు నాయనా' అని రాసేదాన్ని. ప్రతి నెలా అదే ముక్క. వాడు డిగ్రీ అయ్యాడు, బి.ఇడి. అయ్యాడు, టీచరు ఉద్యోగం వచ్చింది. చెల్లెలి పెళ్లి కూడా మధ్యలో అయిపోయింది. నా మెడలో గొలుసు దానికే పోయింది, పోయినందుకు సంతోషమే.

89 మార్చిలో తమ్ముడి దగ్గర్నుంచి కవరొచ్చింది. పెళ్లి కుదిరింది. పిల్ల తరఫువాళ్లు బాగా ఉన్నవాళ్లు. 'అక్కా, కార్డులు మీ ప్రెస్సులో 300 వేయించి పంపు. మ్యాటరు ఇందులో పెడుతున్నాను' అని రాశాడు. నాకెంత సంబరమో! నా తమ్ముడి పెళ్లికార్డు నా చేత్తో పేర్చడం. ఓనరుగారు కాగితం ఖరీదు ఇస్తే చాలన్నాడు. ఆ సాయంత్రం అందరూ వెళ్లాక ఒక్కదాన్నే కూర్చుని మొదలుపెట్టాను. పైన వచనం. కింద 'పరిశుద్ధ వివాహ ఆహ్వానము'. వధువు పేరు, వరుడి పేరు పెద్ద టైపులో. 'ప్రభువునందు ప్రియులకు వందనములు' అని మొదలై తేదీ, వేళ, గుడి. ఆ తర్వాత 'ఆహ్వానించువారు'.

అమ్మ పేరు వేశాను. పెదనాన్నల పేర్లు. చెల్లెలు, మరిది. మేనత్త కొడుకులిద్దరు, ఎప్పుడో ఒకసారి మా గడప తొక్కినవాళ్లు. వాళ్ల పిల్లల ముద్దుపేర్లు కూడా. కాగితం తిప్పి చూశాను. వెనక ఏమీ లేదు. మళ్లీ ముందు నుంచి చదివాను. నా పేరు లేదు.

మర్చిపోయుంటాడు అనుకున్నాను. మనం ప్రేమించినవాళ్ల గురించి మొదట వచ్చే ఆలోచన అదే కదా. లజ్ చర్చి రోడ్డులో ఎస్టీడీ బూతుకి వెళ్లి, వాడుండే ఊళ్లో కిరాణాకొట్టు నంబరుకి ఫోన్ చేసి పిలిపించమన్నాను. పది నిమిషాలాగి మళ్లీ చేశాను. వాడొచ్చాడు.

"నాయనా, కార్డులో నా పేరు రాయడం మర్చిపోయినట్టున్నావు. ఎక్కడ వెయ్యను? చెల్లి పేరుకి పైన వెయ్యనా?"

కాసేపు ఏమీ వినబడలేదు. ఎదురుగా మీటరు మీద ఎర్ర అంకెలు మారుతున్నాయి.

"మర్చిపోలేదక్కా. వాళ్లవైపు పెద్దమనుషులున్నారు. నీ పేరేస్తే పక్కన బావ పేరేదీ అంటారు. ఎందుకొచ్చిన మాటలు. నీకే గదా బాధ."

"మరి పెళ్లికి..."

"పెళ్లయ్యాక తీరిగ్గా వద్దువుగానిలే. అమ్మక్కూడా చెప్పాను. అమ్మ సరేనంది."

అమ్మ సరేనంది. ఆ రెండు మాటలూ పట్టుకుని గదికొచ్చాను. తమ్ముడు అన్నవి అప్పటికింకా లోపలికి దిగలేదు. అమ్మ సరేనందన్నదే తొమ్మిదేళ్లు గుచ్చుతూ ఉండిపోయింది.

మర్నాడు ప్రెస్సుకెళ్లి మిగిలిన వరసలు పేర్చాను. చుట్టూ అన్ని అక్షరాలూ ఉన్నాయి. నా పేరుకి మూడక్షరాలు చాలు. కాపీలో లేదు, కలపలేదు. అన్నిటికంటే అడుగున, చీమ తలకాయంత టైపులో ప్రెస్సు పేరు, మద్రాసు-14 అని పేర్చాను. ప్రూఫు తీసి బాబాయిగారికిచ్చాను. ఆయన కళ్లజోడు పైకి తోసుకుని వరస వరస చదివి, "ఏమ్మా, నీ పేరు కనబడలా? ఎగిరిపోయిందా?" అన్నాడు.

"లేదు బాబాయిగారూ. కాపీలోనే లేదు."

ఆయన ఇంకేమీ అడగలేదు. ప్రూఫు మీద సంతకం పెట్టి బయటికెళ్లి రెండు గ్లాసుల్లో టీ తెచ్చాడు. ఒకటి నా కేసు పక్కన పెట్టాడు. ఎప్పుడూ కుర్రాణ్ని పంపేవాడు, ఆవేళ తనే తెచ్చాడు.

300 కార్డులూ ట్రెడిల్ మిషను మీద అచ్చవుతుంటే పక్కనే నిలబడి ఒక్కొక్కటీ అందుకుని ఆరబెట్టాను. పార్సిలు కట్టి పంపాను. ఒకటి ఉంచుకున్నాను. ఎందుకుంచుకున్నానంటే, నిజం చెప్పాలి, ఎప్పటికైనా వాడి ముఖాన కొట్టాలని.

మామ్మగారికి నేను చెప్పలేదు. ఆమెకే తెలిసిపోయింది. నాలుగురోజులు అన్నం సగంలో వదిలేస్తుంటే ఒక రాత్రి నా గదిలోకొచ్చి మంచం మీద కూర్చుంది. కార్డు చూపించాను. ఆమెకి చదువు వచ్చు. మొత్తం చదివి మడిచి నా చేతికిచ్చింది. "లే, చేతులు కడుక్కురా" అంది. సీసం నలుపు సబ్బుతో పోయేదాకా నన్ను అన్నం ముట్టుకోనిచ్చేది కాదు ఎప్పుడూ. కడుక్కొచ్చాక చేపల పులుసుతో తనే కలిపి పెట్టింది. తర్వాత మోకాళ్లూనింది. ఆమె ప్రార్థన పెద్దగా ఉండేది కాదు. వాక్యాలు కట్టడం రాదు. "ప్రభువా, ఈ బిడ్డ..." అని నా పేరు చెప్పి, ఇంటిపేరుతో సహా చెప్పి, ఆగిపోయింది. మళ్లీ పేరు చెప్పింది. మళ్లీ ఆగింది. అంతే. ఆమేన్.

ఆ రోజు నుంచి ఆమె పోయేదాకా ప్రతి రాత్రీ గోడ అవతల నుంచి నా పేరు వినబడేది. కొన్నాళ్లు దానికోసమే మెలకువగా ఉండేదాన్ని.

పెళ్లిరోజు ప్రెస్సుకి సెలవు పెట్టాను. మా తెలుగు బాప్టిస్టు గుడి వేపేరిలో. అక్కడికి వెళ్లబుద్ధి కాలేదు, తెలిసినవాళ్లు "తమ్ముడి పెళ్లంటగా, ఇక్కడున్నావేం" అంటారని. కాళ్లు ఎటు తీసుకెళితే అటు నడిచాను. సముద్రం వైపు శాంథోం గుడి. అది కథోలికుల గుడి, మాకు బొమ్మలూ సమాధులూ అలవాటు లేవు. చిన్నప్పట్నుంచీ అటువంటి చోటికి పోకూడదని విన్నదాన్ని. ఆవేళ తలుపులు తీసున్నాయి, లోపల ఎవరూ నన్నెరగరు. అది చాలు. తెల్లగా ఎత్తయిన గోపురం, 1896లో కట్టింది. అంతకుముందు పోర్చుగీసువాళ్లు 1523లో కట్టిన గుడి ఉండేదట అక్కడే. ప్రభువు శిష్యుడు తోమా ఈ ఊరొచ్చాడనీ, క్రీ.శ. 72లో పరంగిమలై కొండ మీద బల్లెంపోటుతో చనిపోయాడనీ, ఇక్కడే పాతిపెట్టారనీ పెద్దలు చెప్పుకుంటారు.

చివరి బెంచీలో కూర్చున్నాను. పదిన్నరకి ముహూర్తం. పదిన్నరకి అక్కడ మోకాళ్ల మీద ఉన్నానని చెబితే అబద్ధమవుతుంది. గడియారం చూసుకుంటూ, ఇప్పుడు ఉంగరాలు మార్చుకుంటుంటారు, ఇప్పుడు అమ్మ కొత్తచీర కొంగుతో కళ్లొత్తుకుంటుంటుంది అని లెక్కవేసుకుంటూ కూర్చున్నాను. ఎంతసేపో తెలియదు. తర్వాత తోమా గుర్తొచ్చాడు. ఆయన గుళ్లోనే కూర్చుని ఆయన్ని తలుచుకోకపోవడం ఎలా?

తోమా అనగానే ప్రసంగాల్లో అవిశ్వాసి అంటారు. నాకు ఆవేళ ఆయన వేరేగా కనబడ్డాడు. ప్రభువు లేచిన సాయంత్రం శిష్యులందరికీ కనబడ్డాడు. గాయాలు చూపించాడు. వాళ్లు సంతోషించారు. తోమా ఒక్కడే అక్కడ లేడు. ఎందుకు లేడో యోహాను రాయలేదు. అందరూ చూశారు, అందరూ చెప్పుకుంటున్నారు, ఈయనొక్కడు బయట. ఎనిమిది రోజులు ఆ సంతోషపడేవాళ్ల మధ్యనే తిరిగాడు పాపం, తనకు లేని సంతోషం చూస్తూ. 'నేను చూస్తే గానీ నమ్మను' అన్నదాంట్లో మొండితనం ఒక్కటే ఉందని నేననుకోను. నన్నెందుకు వదిలేశారన్న ఏడుపు కూడా ఉంది. ప్రభువు ఆ ఒక్కడికోసం మళ్లీ వచ్చాడు. తలుపులు వేసున్న ఆ ఇంట్లోకే వచ్చి, మందలించకముందు చెయ్యి చాపాడు, నీ వేలు ఇక్కడ పెట్టమన్నాడు.

ఆ బెంచీలో అప్పుడు ఏడ్చాను. ఎవరో తమిళావిడ, పక్క వరసలోంచి లేచొచ్చి, ఒక్క మాట మాట్లాడకుండా నా భుజం మీద చెయ్యేసి వెళ్లిపోయింది.

ఇక్కడ ఒక సంగతి చెప్పి తీరాలి. తర్వాత మా గుడిలో విషయం తెలిసింది. స్త్రీల సమాజంలో ఒకరిద్దరు మంచి మనసుతోనే వచ్చి "క్షమించెయ్యమ్మా, డెబ్బై ఏళ్ల మారులు అన్నాడు గదా ప్రభువు" అన్నారు. ఆ మాట నిజమే. కానీ పుండు మీద కట్టు విప్పి చూడకుండానే 'మానిపోయిందిలే, నడువు' అన్నట్టుంది నాకు. క్షమించలేకపోతున్నానన్న నేరం కూడా నా నెత్తినే పడింది. దెబ్బతిన్న మనిషి దగ్గరికి మొదటిరోజే ఆ వచనం తీసుకెళ్లవద్దని చేతులు జోడించి అడుగుతాను. మామ్మగారిలా అన్నం తీసుకెళ్లండి.

జూన్ నెలలో అనుకుంటాను, ఒక చిన్న సంఘం వాళ్ల మాసపత్రిక మా ప్రెస్సుకొచ్చింది. 16 పేజీలు. పన్నెండు పాయింటు టైపు. మా దగ్గర టైపు ఎప్పుడూ తక్కువే, ఒక ఫారం, అంటే పేర్చి కట్టిన అక్షరాల దిమ్మ, విప్పితేగాని ఇంకోటి పేర్చలేం. తమ్ముడి పెళ్లికార్డు ఫారం అలాగే దారంతో కట్టి మూలన ఉంది, ఇంకో వంద కావాలంటారేమోనని ఉంచాం. బాబాయిగారు అది విప్పి కేసులో వేసెయ్యమన్నాడు. కిరసనాయిలుతో ఇంకు కడిగి, ఒక్కో అక్షరం దాని గడిలో వేస్తున్నాను. మా పెదనాన్న పేరులో 'సు', చెల్లెలి పేరులో 'ణి'. గడిలో పడుతుంటే టిక్కు టిక్కుమని చప్పుడు. పది నిమిషాల్లో 'ఆహ్వానించువారు' అంతా కేసులో కలిసిపోయింది. ఇక ఏ అక్షరం ఎవరిదో దేవుడికే తెలియాలి.

వెంటనే పత్రిక కాపీ తీసుకుని పేర్చడం మొదలుపెట్టాను. ఎవరో రాసిన ప్రసంగం. మధ్యలో జెకర్యా 13:6 ఉంది. నీ చేతులకు ఈ గాయాలేమిటని అడిగితే, నన్ను ప్రేమించినవారి ఇంట నేనుండగా కలిగిన గాయాలివి అని జవాబు చెప్పే వచనం. చదివేటప్పుడు కన్ను పరుగెడుతుంది. పేర్చేటప్పుడు అలా కుదరదు. 'ప్రే' ఒకటి. 'మి' ఒకటి. 'ంచి'. 'న'. 'వా'. 'రి'. ఇప్పుడిప్పుడే గడిలో వేసిన అక్షరాలు, వేళ్లకి ఇంకా కిరసనాయిలు వాసన. ప్రేమించినవారి ఇంట. అక్కడ చెయ్యి ఆగిపోయింది.

శత్రువులింట తగిలిన దెబ్బ అనలేదు. ప్రేమించినవారి ఇంట అంది.

ఆ వచనం సందర్భం వేరని తర్వాత ఒక పాస్టరుగారు నాకు విడమరిచి చెప్పారు. ఆ అధ్యాయంలో అబద్ధ ప్రవక్తల మాట నడుస్తుంటుంది, ఆ జవాబు అలాంటి ఒకడిదేనని పండితులంటారట. బోధకులు చాలామంది ప్రభువుకి అన్వయిస్తారు. ఆయన చెప్పింది ఒప్పుకున్నాను. అయినా సువార్తల్లో వెతికి చూసుకుంటే సంగతి అదే. ముద్దు పెట్టి పట్టించిన యూదా కలిసి తిన్నవాడు. ఎరగనన్న పేతురు పడవ దిగి వెంట వచ్చినవాడు. ఇంటివాళ్లు మతి చలించిందని పట్టుకుపోవడానికి వచ్చారని మార్కు రాశాడు. తమ్ముళ్లు నమ్మలేదని యోహాను రాశాడు. సిలువ మీద ఉండి తల్లిని శిష్యుడికి అప్పగించాడు. సొంత తమ్ముళ్లుండగా! నేను ఆ మాట ఎన్నిసార్లు శుభశుక్రవారం విన్నానో, ఆ ఇంట్లో ఏం జరిగుంటుందో ఎప్పుడూ ఆలోచించలేదు. ఆయనకి ఇది తెలుసు. చదివి తెలుసుకున్నది కాదు, పడి తెలుసుకున్నది. లేచిన తర్వాత కూడా ఆ గాయాలు చెరిపేసుకోలేదు, దాచుకోలేదు.

ఆ రాత్రి మొదటిసారి మామ్మగారు పిలవకుండానే ఆమె పక్కన మోకాళ్లూనాను. ఏమడగాలో తెలియలేదు. "నీకు తెలుసు గదా" అన్నాను. ఇప్పటికీ నా ప్రార్థనల్లో సగం అదే మాట.

అలాగని తమ్ముడిమీద కోపం ఆ రాత్రే పోయిందని కాదు. కార్డు జెకర్యా పేజీలో పెట్టాను. వాడి ముఖాన కొట్టాలన్న కోరిక ఏడాదికో రెండేళ్లకో, ఎప్పుడో నాకు తెలియకుండానే ఆరిపోయింది. 1 కొరింథీ 15లో లేచిన ప్రభువు ఎవరెవరికి కనబడ్డాడో పౌలు వరస రాస్తాడు. అందులో యాకోబు పేరుంది. ప్రభువు తమ్ముడు యాకోబే అంటారు. నమ్మని తమ్ముడికి విడిగా కనబడ్డాడు! ఇద్దరి మధ్యా ఏం మాటలు జరిగాయో ఒక్క ముక్క రాయలేదు ఎవరూ. రాయకపోవడమే బాగుంది. 92లో తమ్ముడికి కూతురు పుడితే వెండి మొలతాడు పంపాను. వాడు ఉత్తరం రాశాడు. పెళ్లి సంగతి వాడెత్తలేదు, నేనూ ఎత్తలేదు.

అమ్మ విషయమే లోపల అలాగే ఉండిపోయింది. పండక్కి వెళ్లేదాన్ని, ఒక రాత్రి ఉండి వచ్చేసేదాన్ని.

మామ్మగారు 96లో ప్రభువు దగ్గరికి వెళ్లిపోయారు. ప్రెస్సుల్లోకి కంప్యూటర్లొచ్చాయి, నేనూ నేర్చుకున్నాను. సీసపు టైపు తూకానికి అమ్మేశారు. మా కాలవలో స్తంభాలు దించి, వాటిమీద రైలు వేశారు. బీచి నుంచి చేపాక్కం దాకా 95లో, మైలాపూరు దాకా 97లో వచ్చింది. కిటికీలోంచి కాలవ కనబడటం తగ్గి స్తంభాలే కనబడేవి.

98 జనవరిలో అమ్మకి కళ్ల శుక్లాలు తీయించడానికి మద్రాసు తీసుకొచ్చాను. చేపాక్కం దాకా కొత్త రైలు ఎక్కించాను. పైనుంచి కాలవ చూపించి, "అమ్మా, మనవాళ్లు తవ్వింది ఇదే" అంటే, "ఇంత మురికిగా ఉందేందే" అని ముక్కుకి కొంగు అడ్డం పెట్టుకుంది. ఆపరేషను బాగా జరిగింది. కట్టు విప్పిన మూడోరోజు సాయంత్రం గదిలో దీపం వేశాను. అమ్మ తన సంచిలోంచి గుడ్డలో చుట్టిన బైబిలు తీసింది. అమ్మకి చదువు రాదు. గుడికి వెళ్లేటప్పుడు పట్టుకెళ్లడానికి ఉంచుకుంది. అందులోంచి ఒక కార్డు తీసి నా చేతికిచ్చింది. ఎర్ర ఇంకు.

తర్వాత నేనన్న మాట నిజంలోకి వస్తుందో అబద్ధంలోకి వస్తుందో ప్రభువుకే వదిలేశాను. ముందు అమ్మ అన్నది ఇది:

"మీ తమ్ముడి పెళ్లిది. నువ్వు అచ్చేసి పంపావంట గదా. సెలవు దొరక్క రాలేకపోయిందమ్మా అన్నాడు వాడు. దిగులుపడ్డాననుకో. 'పేరైతే ఉందిలే అమ్మా కార్డులో' అన్నాడు. అప్పట్నుంచీ దగ్గరే పెట్టుకున్నా. ఇప్పుడు కళ్లు బాగా అవపడతన్నయ్యి. ఏదీ, నీ పేరు యాడుందో చూపించు."

నాకు గొంతు పూడుకుపోయింది. తొమ్మిదేళ్లు అమ్మ సరేనందనే అనుకున్నాను. తొమ్మిదేళ్లు అమ్మ ఆ కార్డు బైబిల్లో దాచుకుంది. నేనూ దాచుకున్నాను.

అమ్మ చూపుడువేలు పట్టుకున్నాను. అమ్మ పేరు మీదుగా, పెదనాన్నల పేర్ల మీదుగా, చెల్లెలి పేరు మీదుగా కిందికి తీసుకెళ్లి, కార్డు అడుగున ఆ చీమ తలకాయంత అక్షరాల వరస మీద పెట్టాను.

"ఇదిగోనమ్మా. ఇది నాది."

అమ్మ దీపం దగ్గరికి జరిగి, ఆ వరసని వేలితో రెండుసార్లు తడిమింది.

"ఇంత చిన్నగా వేయించాడేందే వాడు?"

"చోటు చాల్లేదమ్మా" అన్నాను.